తీర్పు చెప్పకుండా లేవకూడదట

ఉత్తరాది అంటే మా గుంటూరు వాళ్ళకి విశాఖపట్నంతో సరి. ఆ పైన రైలు ఎక్కడికి పోతుందో, కలకత్తా దాకా మధ్యలో ఎవరుంటారో, ఏం తింటారో మాలో చాలామంది పట్టించుకోరు. నేనూ పట్టించుకున్నదాన్ని కాదు. పోయిన శీతాకాలంలో మా అన్నయ్య నాటకం పుణ్యమా అని కోటబొమ్మాళి నుంచి విజయనగరం దాకా తిరిగి వచ్చాను. వచ్చినప్పటి నుంచి ఇరుగుపొరుగు అమ్మలక్కలు ఏం చూశావు, ఏం తెచ్చావు అని ప్రాణం తీస్తున్నారు. తెచ్చింది జీడిపప్పు, మామిడి తాండ్ర. రెండూ అయిపోయాయి. చూసింది ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నాను.

ముందు నాటకం సంగతి చెప్పాలి. మా అన్నయ్య మాధవరావు కాలేజీలో ఇంగ్లీషు చెబుతాడు. ఒకసారి ఢిల్లీ వెళ్ళి, స్నేహితుడి ఇంట్లో టెలివిజన్ చూసి వచ్చాడు. అందులో ఇద్దరు మేధావులు ఎదురెదురుగా కూర్చుని దేశం ఎటు పోవాలో వాదించుకున్నారట. మధ్యలో ఒకాయన కూర్చుని గడియారం చూసుకున్నాడట. అన్నయ్య జన్మలో చూసిన టెలివిజన్ అదొక్కటే, అదీ సగంలో కరెంటు పోయింది. ఇంటికి వచ్చి ఆ సగంలోంచి నాలుగు రంగాల నాటకం తీశాడు. పేరు "అద్దాల పెట్టె". స్టేజీ మీద పెద్ద చెక్క చట్రం, దాని ముందు పల్చని జిలాటిన్ కాగితం, లోపల మూడు కుర్చీలు. అదే టెలివిజన్. గుంటూరులో ఇంకెవరూ టెలివిజన్ చూసి ఉండలేదు కనక అది అలా ఉండదని అనగలిగిన మొనగాడు లేకపోయాడు.

వాదించే పాత్రలకి పేర్లు లేవు. ఒకరు కుడి కుర్చీ, ఇంకొకరు ఎడమ కుర్చీ. భూమి దున్నేవాడికి పంచాలని ఎడమ కుర్చీ అంటుంది. ఎవరి సొత్తు జోలికీ సర్కారు పోకూడదని కుడి కుర్చీ అంటుంది. ఈ పాత్రలకి అన్నయ్య మా వీధిలోనే ఇద్దరిని పట్టాడు. చలపతి గారు ఎకనామిక్స్ లెక్చరరు, దున్నేవాడికే భూమి అని చొక్కా చించుకునే మనిషి. సోమయాజులు గారు హైస్కూల్లో తెలుగు పండితులు, సర్కారు పేరెత్తితే ముక్కుపొడి పీల్చి తుమ్మే మనిషి. అన్నయ్యకి అతితెలివి ఎక్కువ. నాటకాన్ని ఎవరూ ప్రచారం అనకూడదని పాత్రలు తారుమారు చేశాడు. చలపతి గారిని కుడి కుర్చీలో, సోమయాజులు గారిని ఎడమ కుర్చీలో కూర్చోబెట్టాడు. అంటే ఎవరి నమ్మకం వాళ్ళు చెప్పరు, ఎదుటివాడిది చెబుతారు.

అక్కడ వచ్చింది తంటా. తన సిద్ధాంతాన్ని సోమయాజులు తద్దినం మంత్రంలా చదువుతున్నాడని చలపతి గారికి కోపం. తన ధర్మాన్ని చలపతి సంతలో గొంగళ్ళు అమ్మినట్టు అరుస్తున్నాడని సోమయాజులు గారికి కోపం. కావాలనే నా మాట పాడుచేస్తున్నావని ఒకరు, నువ్వే ముందు చేశావని ఒకరు. ఏళ్ళ తరబడి సాయంత్రమైతే కలిసి కూర్చుని పోట్లాడుకున్న స్నేహితులు మాటలు మానేశారు. ఏదైనా కావలసి వస్తే "అమ్మాయ్, ఎడమ కుర్చీకి చెప్పు, ఫ్యాను తగ్గించమని" అని నాతో చెప్పించేవారు. విజయనగరం పోటీకి బయల్దేరే ముందు ఇద్దరి ఆడవాళ్ళూ విడివిడిగా నా దగ్గరికి వచ్చారు. షీల్డు రాకపోయినా ఫరవాలేదు, ఈ ఇద్దరినీ మాట్లాడించి తీసుకురమ్మన్నారు. మగవాళ్ళు మౌనంగా ఉన్న ఇంట్లో అన్నం సహించడం లేదని చలపతి గారి భార్య కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

నేను ఈ బృందంలో ఎలా పడ్డానంటారా? మధ్య కుర్చీ వేషం వేసే గుమాస్తాకి బదిలీ అయింది. ఆ వేషానికి మూడే మాటలు. చర్చ మొదలుపెడదాం, మీ జవాబు చెప్పండి, సమయం అయిపోయింది. మూడు మాటలకి బయటివాళ్ళని వెతకడం ఎందుకని అన్నయ్య నన్ను కూర్చోబెట్టాడు.

కోటబొమ్మాళి

విజయనగరంలో నాటక పోటీలు. ఆ లోపల రెండు ఊళ్ళలో ఆడి నాటకాన్ని పదును పెట్టాలని అన్నయ్య ఆలోచన. కోటబొమ్మాళిలో అతని పాత శిష్యుడికి రైసుమిల్లు ఉంది. స్టేషన్లో దిగేసరికి బండ్లు పంపాడు. చెక్క చట్రాన్ని చూసి బండివాడు తలుపా, మంచమా అని అడిగాడు. టెలివిజన్ అని అన్నయ్య చెప్పాడు. అతను తల ఊపి, తలుపు ఎక్కించినట్టే ఎక్కించాడు.

భోజనం మిల్లు యజమాని ఇంట్లో. పనసపొట్టు కూర ఆవ పెట్టి చేశారు, దానికి దణ్ణం పెట్టవచ్చు. కానీ పులుసులో బెల్లం. ముద్దపప్పులో తీపి లేదు కదా అని సంతోషిస్తే పచ్చడిలో తగిలింది. మా వైపు కారానికి చెమట పడితేనే భోజనం చేసినట్టు. ఇక్కడ ఇల్లాలు కారం ఎక్కువైందేమోనని మాటిమాటికీ అడుగుతూ ఉంటే ఏం చెప్పాలో తోచలేదు. నాకు దిక్కు చలపతి గారి గోంగూర జాడీ. కాఫీకి దిక్కు సోమయాజులు గారు. ఆయన ఫిల్టరూ, పొడీ, బొగ్గుల కుంపటీ వెంట తెచ్చుకున్నారు. ఈ ఇద్దరి దయ మీదే నా యాత్ర నడవాలి.

నాటకం మిల్లు ఆవరణలో, దీపాలు పెట్టే వేళకి. ధాన్యం ఆరబోసే కళ్ళం మీద జనం కిక్కిరిసి కూర్చున్నారు. టెలివిజన్ అంటే ఏమిటో అన్నయ్య ముందుగా ఒక ఉపన్యాసం ఇచ్చాడు. రేడియోకి మొహం వచ్చినట్టన్నమాట అని ఎవరో ఒక్క ముక్కలో తేల్చేశారు. వాదన మొదలయ్యాక చీమ చిటుక్కుమంటే ఒట్టు. మాటలు మానేసిన మనుషులు కదా, కడుపులో ఉన్న కసి అంతా డైలాగుల్లో పోసి కొట్టుకున్నారు. సమయం అయిపోయిందని నేను అన్నాను. తెర పడింది. ఒక్కరూ లేవలేదు.

అప్పుడే అయిపోయిందా అని కొందరు. వాళ్ళకి నాటకం అంటే తెల్లవార్లూ సాగాలి. ముందు వరసలో తెల్ల మీసాల రైతు ఒకాయన లేచి నిలబడ్డాడు. పేరు సింహాద్రి అని తరవాత తెలిసింది. ఊళ్ళో తగవులు తీర్చే పెద్దమనిషి. ఆయన తెర వైపు చూసి నన్ను పిలిచాడు.

"ఏటమ్మా, మద్దిస్తంగా కూకున్నావు, ఇద్దరి మాటా ఇన్నావు. తీర్పు సెప్పకుండా లేసిపోతావేటి?"

అన్నయ్య తెర పక్కనుంచి వచ్చాడు. ఇది ఆలోచింపజేసే నాటకమనీ, ఇందులో తీర్పు ఉండదనీ, ప్రేక్షకులే ఎవరికి వారు నిర్ణయించుకోవాలనీ చెప్పాడు. సింహాద్రి గారు కండువా సర్దుకుని మర్యాదగా విన్నారు.

"మాకేటి అనిపించినాదో మాకు తెలుసు బాబూ. ఆ తల్లికేటి అనిపించినాదో అదే తెలీనేదు."

జనం అంతా నిజమే అన్నారు. ఆ ఊరి పద్ధతి ఏమిటంటే, ఇద్దరి మధ్య కూర్చున్న మనిషి తీర్పు చెప్పకుండా లేవకూడదు. లేస్తే ఆ తగవు మధ్యవర్తి ఇంటికే నడిచి వస్తుందట. అన్నయ్య నన్ను చూసి కళ్ళెర్రజేశాడు. జనం నన్ను చూసి ఎదురుచూశారు. నాకు ఓర్పు తక్కువ, తోచింది అనేశాను. ఆలోచించుకుని రేపు భావనపాడు ఆటలో చెబుతానన్నాను. వాయిదా అయితే సరే అన్నారు. వాయిదా వేయడం వాళ్ళ పద్ధతిలో ఉంది. కానీ దానికీ ఒక షరతు ఉందని సింహాద్రి గారు చెప్పారు. తగవు తీరేదాకా మధ్యవర్తి ఇద్దరిలో ఎవరి చేతి తిండీ తినకూడదు, నీళ్ళయినా తాగకూడదు.

అంటే గోంగూర లేదు. కాఫీ లేదు.

నౌపడా దారిలో

తెల్లవారి బస్సెక్కితే సింహాద్రి గారు గొడుగు పట్టుకుని ముందు సీట్లో ఉన్నారు. నౌపడాలో ఉప్పు కొనుక్కోవాలట. సంచీ మాత్రం తేలేదు. నేను ఏం తింటున్నానో చూడడానికే వచ్చారని నా నమ్మకం.

నౌపడా దగ్గర ఉప్పు కొఠార్లు చూడవలసిందే. కంటికి ఆనినంత మేరా తెల్లని కుప్పలు. ఆడవాళ్ళు మోకాళ్ళ దాకా చీర ఎగగట్టి బుర్రల మీద తట్టలు మోస్తున్నారు. మనం వంటింట్లో చిటికెడు ఎక్కువైందని విసుక్కునే ఉప్పు వెనక ఇంత ఎండ ఉందని నాకు తెలియదు. బస్సు ఆగిన చోట టీ పదిహేను పైసలు, గ్లాసు నిండా పోశాడు. మా ఊళ్ళో అదే డబ్బుకి సగం గ్లాసు, పైగా విసుగు. కానీ టీ టీయే. వెనక సీట్లో సోమయాజులు గారు ఫ్లాస్కు మూత తీస్తే ఆ కాఫీ వాసనకి నాకు తల తిరిగింది. ఆయన గ్లాసు ముందుకు చాచారు. సింహాద్రి గారు వెనక్కి తిరిగి చూశారు. నేను కిటికీలోంచి ఉప్పు కుప్పలు చూస్తూ కూర్చున్నాను.

ఇదంతా మొదట ఆటగానే తీసుకున్నాను. కానీ మధ్యాహ్నానికి నాలో పట్టుదల వచ్చింది. ఇంతవరకూ ఎవరూ నన్ను నీకేమనిపించిందని అడగలేదు. మొదటిసారి ఒక ఊరు ఊరంతా కూర్చుని అడిగింది. దానికి ఒక కాఫీ మానుకోలేనా అనిపించింది.

భావనపాడు

నౌపడా నుంచి ఎడ్లబండి. ఇసకలో చక్రం దిగబడితే ఇద్దరు మేధావులూ చెరో చక్రం దగ్గరా నిలబడి, ఒకరి వైపు ఒకరు చూడకుండా తోశారు. బండి గుండ్రంగా తిరిగింది తప్ప ముందుకు రాలేదు. చివరికి బండివాడు ఇద్దరినీ పక్కకి జరిపి తానే లాగాడు.

సముద్రం ఒడ్డున వలలు బాగుచేస్తున్న సూరమ్మ దగ్గర కూర్చున్నాను. ఆమె చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పొగ తాగుతుంది. దాన్ని అడ్డపొగ అంటారు. నోట్లో నిప్పు పెట్టుకుని నవ్వుతుంది, మాట్లాడుతుంది, మధ్యలో కోడలిని తిడుతుంది. నా వేషం సంగతి అప్పటికే ఆమెకి చేరింది. బస్సు కంటే మాట ముందు వస్తుంది ఇక్కడ.

"ఆడది మద్దిస్తం కూకోడం ఇప్పుడే సూత్తన్నాను తల్లీ. మాటాడకుండా లేసిపోయి మా పరువు తియ్యకు."

ఆమె చెప్పినంత తేలిక కాదు. ముందుగా చలపతి గారు గోంగూర జాడీతో వచ్చారు. తీర్పు తనకి ఇవ్వవద్దన్నారు. కుడి కుర్చీ గెలిస్తే తను జీవితమంతా నమ్మింది ఓడిపోయినట్టే కదా అన్నారు. సరేనన్నాను. నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చారు. అలాగని మరీ ఓడిపోయాడనకు, నటన బాగుందని నలుగురూ అంటున్నారు కదా అన్నారు. జాడీని నేను చేత్తో తాకలేదు. అది చూసి చిన్నబుచ్చుకున్నారు. ఆయన వెళ్ళగానే సోమయాజులు గారు ఫ్లాస్కుతో వచ్చి అవే మాటలు, అదే వరసలో చెప్పారు. చివర్లో మాత్రం గొంతు తగ్గించి, చలపతి భోంచేశాడా అని అడిగారు. మీరే అడగరాదా అన్నాను. ఫ్లాస్కు మూత బిగించుకుంటూ వెళ్ళిపోయారు.

అన్నయ్య వచ్చి ఒక్కటే చెప్పాడు. నాటకంలో లేని మాట నోట్లోంచి వస్తే విజయనగరంలో నాకు వేషం లేదు.

ఆ సాయంత్రం తెరచాప ఒకటి కట్టి దాన్నే తెర చేశారు. రెండో రంగంలో గాలి లేచింది. జిలాటిన్ కాగితం చిరిగి, పెట్టె మీంచి ఊడి, సముద్రం వైపు ఎగిరిపోయింది. కుర్రాళ్ళు దాని వెనక పరిగెత్తారు. మేము ముగ్గురం ఉత్త చట్రంలో మిగిలాం. అద్దం పోయినా వాదన ఆగలేదు. ఆఖరికి సమయం అయిపోయిందని అన్నాను. అందరి చూపూ నా మీదికి తిరిగింది. సింహాద్రి గారు ముందు వరసలో గొడుగు మీద గడ్డం ఆనించుకుని ఉన్నారు. తెరచాప పక్కనుంచి అన్నయ్య వద్దు వద్దని చెయ్యి ఊపుతున్నాడు.

నేను లేచి నిలబడ్డాను.

"ఇంతసేపూ ఎవరి మాట వాళ్ళు చెప్పలేదు. ఈయన నమ్మేది ఆయన చెప్పారు, ఆయన నమ్మేది ఈయన చెప్పారు. కుర్చీలు మారి ఎవరిది వాళ్ళు చెబితే అప్పుడు తీర్పు చెబుతాను."

"అయితే ఇంతసేపూ దొంగసాచ్చికమేనేటి" అన్నారు సింహాద్రి గారు. జనం గొల్లున నవ్వారు. ఇద్దరూ కదల్లేదు. మత్స్యకారులందరూ అలా చూస్తూ ఉంటే చివరికి లేచి, ఒకరినొకరు తగలకుండా పక్కకి తప్పుకుని కుర్చీలు మారారు.

చలపతి గారు గొంతు సవరించుకున్నారు. కాలేజీలో గంటలు గంటలు చెప్పే విషయమే. "భూమి..." అన్నారు. ఆగిపోయారు. మళ్ళీ "భూమి అనేది..." అన్నారు. నెలల తరబడి ఆయన కుడి కుర్చీలో ఆ మాటని ఖండించి ఖండించి ఉన్నారు. ఏ వాక్యం మొదలుపెట్టబోయినా దానికి తాను చెప్పిన జవాబే ముందు గుర్తుకొస్తోంది. మొహం కందిపోయింది. ఆడవాళ్ళు అయ్యో అన్నారు. నాకు తప్పు చేశానేమోనని భయం వేసింది.

సోమయాజులు గారు కుర్చీలో అటు కదిలారు, ఇటు కదిలారు. ముక్కుపొడి డబ్బా తీసి మళ్ళీ పెట్టేశారు. ఇక ఉండబట్టలేకపోయారు.

"దున్నేవాడి చెమట దగ్గర ఎత్తుకో చలపతీ. తరవాత గింజ, ఆ తరవాత గాదె."

చలపతి గారు ఆయన వైపు చూశారు. నెలల తరవాత మొదటిసారి చూశారు. చెమట దగ్గర ఎత్తుకున్నారు. గాదె దగ్గర మళ్ళీ తప్పితే సోమయాజులు గారు మళ్ళీ అందించారు. తరవాత సోమయాజులు గారి వంతు వచ్చింది. ఆయనకి తన ధర్మం మొదటి ముక్కే తోచలేదు. చలపతి గారు మాట అందించడమే కాదు, ఆ మాట దగ్గర చెయ్యి ఎలా ఎత్తాలో కూడా చూపించారు. సోమయాజులు గారు బుద్ధిగా చెయ్యి ఎత్తారు. చేపలవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. సూరమ్మ చుట్ట నోట్లోంచి తీసి మరీ నవ్వింది.

తీర్పు చెప్పాను. ఇద్దరూ ఓడిపోయారన్నాను. చలపతి గారి మాట సోమయాజులు గారి దగ్గరా, సోమయాజులు గారి మాట చలపతి గారి దగ్గరా ఉండిపోయాయి, ఎవరిది వాళ్ళు అడిగి తీసుకోవాలన్నాను.

"ఒప్పుకున్నారేటి ఇద్దరూ?" అని సింహాద్రి గారు లేచి అడిగారు. అలా అడిగించుకుని ఒప్పుకుంటేనే తగవు తీరినట్టు.

సోమయాజులు గారు నన్ను కాదు, చలపతి గారినే అడిగారు. "ఏమంటావు?"

"ఒప్పుకోకపోతే పాపం ఈ అమ్మాయికి కాఫీ ఎక్కడిది?" అన్నారు చలపతి గారు.

ఆ సాయంత్రం ఒడ్డునే కుంపటి రాజేశారు. సోమయాజులు గారు గ్లాసు చేతికి ఇస్తూ ఉంటే చలపతి గారు అందుకుని నాకు ఇచ్చారు. ఆ కాఫీలో ఉప్పగాలి, ఇసక కూడా పడ్డాయి. ఆనందం పట్టలేక రెండు గ్లాసులు తాగాను. సింహాద్రి గారు కూడా ఒక గ్లాసు పుచ్చుకుని, చేదుగా ఉందని చెప్పి, ఉప్పు కొనకుండానే తమ ఊరు వెళ్ళిపోయారు. అన్నయ్య మాత్రం నాతో మాట్లాడలేదు.

రామతీర్థం

విజయనగరం చేరాక పోటీకి ముందు ఒక రోజు తీరిక దొరికింది. రామతీర్థం వెళ్ళాం. కొండ మీద పాత బౌద్ధుల ఇటుక గోడలున్నాయి. ఎక్కుతూ ఎక్కుతూ స్నేహితులిద్దరూ బుద్ధుడిని కూడా చెరో పక్కకీ లాగారు. ఆయన ఆస్తి వదిలి వెళ్ళాడు కదా అని ఒకరు, ఎవరూ లాక్కోలేదు కదా, తానే వదిలాడు అని ఇంకొకరు. ఎక్కడానికి ఊపిరి చాలని చోట కూడా వాదనకి చాలింది. గోంగూర అన్నం కట్టుకుని వెళ్ళాం. ఆ మొండి గోడ నీడలో కూర్చుని తిన్నాను. వీళ్ళిద్దరి ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఈ వాదులాట చూస్తే ఎంత సంతోషిస్తారో అనిపించింది.

అన్నయ్యకి అన్నం దిగలేదు. వీళ్ళిద్దరూ ఇలా కలిసిపోతే నాటకం గతి ఏమిటని బెంగ. కొండ దిగుతూ ఇద్దరికీ గట్టిగా చెప్పాడు. కుర్చీలు మారకూడదు. స్టేజీ మీద నవ్వకూడదు. ముఖ్యంగా చివర్లో ఇద్దరూ లేచి, ఒకరినొకరు చూడకుండా, చెరో పక్కకి వెళ్ళిపోవాలి. దేశం రెండుగా చీలినట్టు కనిపించాలి. వాళ్ళు మాయం కాగానే తెర పడుతుంది. నాటకానికి ప్రాణం అదేనన్నాడు. నా వేషం మాత్రం తీసెయ్యలేదు. వేరే మనిషి దొరకలేదు మరి.

విజయనగరం

విజయనగరంలో సంగీతం రానివాడు కనిపించడు. మా గది కింద సోడాలు అమ్మేవాడు కూడా శ్రుతిలో పిలిచాడు. ఇలాంటి ఊళ్ళో పోటీ అంటే న్యాయనిర్ణేతల కంటే ప్రేక్షకులకే ఎక్కువ భయపడాలి. హాలు నిండింది. ముగ్గురు నిర్ణేతలు ముందు బల్ల దగ్గర కాగితాలు పెట్టుకుని కూర్చున్నారు. కొత్త జిలాటిన్ కాగితం తళతళలాడింది.

నాటకం బ్రహ్మాండంగా నడిచింది. నవ్వలేదు, తడబడలేదు. నేను కూడా నా మూడు మాటలు దాటలేదు. సమయం అయిపోయిందన్నాను. ఇద్దరూ లేచారు. హాలు నిశ్శబ్దంగా ఉంది. షీల్డు మాదేనని నాకు గట్టిగా అనిపించింది.

సోమయాజులు గారు ఎడమ పక్కకి రెండడుగులు వేశారు. ఆగారు. వెనక్కి తిరిగి, "అది కాదు చలపతీ, ఆ గాదె మాట ఇవాళ నువ్వు సరిగ్గా ఖండించలేదు" అన్నారు. చలపతి గారు కుడి పక్కకి పోతున్నవారల్లా గిరుక్కున తిరిగి, ఎందుకు ఖండించలేదంటూ ఆయన దగ్గరికి వచ్చారు. ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని ఇద్దరూ ఒకే పక్కకి, ఎడమ వైపుకే, వెళ్ళిపోయారు. పెట్టెలో నేను ఒక్కదాన్నే మిగిలాను. పక్క తెర వెనకనుంచి వాళ్ళ వాదన హాలంతా వినిపిస్తోంది. ముందు ఒకరు నవ్వారు, తరవాత హాలు హాలంతా నవ్వింది. నిర్ణేతలు తల వంచుకుని ఏదో రాసుకుంటున్నారు.

తెర పడలేదు. కూర్చున్నాను. ఇంకా పడలేదు. ఇక లాభం లేదని లేచి పక్కకి వెళ్ళాను. అన్నయ్య తెర తాడు రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉన్నాడు. రెండు బారల దూరంలో వాళ్ళిద్దరూ చేతులు ఊపుతూ మాట్లాడుకుంటున్నారు. అన్నయ్య వాళ్ళనే చూస్తున్నాడు. పాత్రలు తారుమారు చేసి వాళ్ళని విడదీసింది తనేనని అతనికి తెలుసు. ఇన్ని నెలలుగా ఆ మాట మాత్రం ఎప్పుడూ అనలేదు.

మార్కులు పోతున్నాయి, తెర దించమని చెవిలో చెప్పాను.

"దించితే వెళ్ళి వేషాలు తీసెయ్యమనాలి. ఉండవే, కాసేపు మాట్లాడుకోనీ" అన్నాడు.

నేను కూడా తాడు మీద ఒక చెయ్యి వేసి, అతని పక్కనే నిలబడ్డాను.